మేం ఎక్కడి నుంచి వచ్చామో డీఎన్ఏ టెస్టు చెప్తుందా? చెన్నై తెలుగువాళ్ళ ప్రశ్నకు నా జవాబు

ప్రశ్న: మేం తరతరాలుగా చెన్నైలో ఉంటున్న తెలుగువాళ్ళం. విజయనగర రాజుల కాలంలో ఇటు వచ్చామని మా నాన్నగారు చెప్తారు. ఉమ్మి పంపి చేయించుకునే డీఎన్ఏ టెస్టుతో ఇది తేలుతుందా? ప్రాచీన డీఎన్ఏ పరిశోధనల్లో మనవాళ్ళ గురించి ఏమైనా బయటపడిందా? నాన్నగారికి 78 ఏళ్ళు. టెస్టు నేను చేయించుకోవాలా, ఆయనతో చేయించాలా?

జవాబు:

విజయనగర కాలంలో వచ్చారా లేదా అన్నది ఆ టెస్టుతో తేలదు. ఐదు వందల ఏళ్ళ కిందట మీ వాళ్ళు పెన్నా ఒడ్డున ఉన్నారా, పాలారు ఒడ్డున ఉన్నారా అన్నది డీఎన్ఏలో రాసి ఉండదు. డీఎన్ఏ బాగా చెప్పగలిగినవి రెండు సంగతులు. ఒకటి మరీ పాతది, వేల ఏళ్ళ కిందట ఎవరితో ఎవరు కలిశారన్నది. రెండోది మరీ దగ్గరిది, ఈరోజు మీ ఇంట్లో వాళ్ళ ఆరోగ్యానికి సంబంధించింది. మీరు అడిగింది ఈ రెంటికీ మధ్యలో ఉంది.

నేను చెన్నైలో ఒక ల్యాబ్‌లో చాలా ఏళ్ళు రక్తం నుంచి, ఉమ్మి నుంచి డీఎన్ఏ తీసే పని చేశాను. మాది కొత్వాల్ చావడి దగ్గర సరుకుల వ్యాపారం చేసిన ఆర్యవైశ్య కుటుంబం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా అవ్వ ఎవరడిగినా "మనది పెనుగొండ" అనేది. ఆవిడ పెనుగొండ ఎప్పుడూ చూడలేదు. అందుకని మీ ప్రశ్న నాకు కొత్త కాదు, మా ఇంట్లో పండక్కి నలుగురు చేరితే వచ్చే మాటే.

మా అన్నయ్యా నేనూ ఒకే కంపెనీ కిట్ తెప్పించుకుని ఉమ్మి పంపాం. ఇద్దరం ఒకే తల్లిదండ్రుల పిల్లలం, శాతాలు మాత్రం వేరుగా వచ్చాయి. వదిన కంగారు పడింది. కంగారు పడాల్సింది ఏమీ లేదు. అమ్మ నుంచి సగం, నాన్న నుంచి సగం రావడం నిజమే కానీ, ఆ సగంలో ఏ ముక్కలు వస్తాయన్నది ఒక్కో బిడ్డకు ఒక్కోలా ఉంటుంది. కొన్నాళ్ళకు ఆ కంపెనీ తన దగ్గరున్న పోలిక నమూనాలను పెంచుకుంది, దాంతో మా శాతాలు మళ్ళీ మారాయి. మేం పంపిన ఉమ్మి అదే, ఎవరితో పోల్చారన్నది మారింది. ఆ శాతాల అర్థం మీ పూర్వీకులు ఫలానా చోట ఉండేవారని కాదు. ఈరోజు ఫలానా ప్రాంతంలో ఉన్న మనుషులకూ మీకూ ఇంత పోలిక ఉంది అని, అంతవరకే. ఆ ప్రాంతాల పేర్లు కూడా మనకు చాలా పెద్దవిగా ఉంటాయి. "దక్షిణ భారతం, శ్రీలంక" అని ఒక్క పేరు కింద అందరినీ పెడితే నెల్లూరేదో కాంచీపురమేదో అందులో ఎలా తెలుస్తుంది?

ఒక విశేషం చెప్పాలి. ప్రపంచమంతా పరిశోధకులు వాడే డీఎన్ఏ సేకరణ, 1000 జీనోమ్స్ ప్రాజెక్టులో తెలుగువాళ్ళు విడిగా ఒక సమూహంగా ఉన్నారు. 2015లో ప్రచురించిన చివరి దశలో 26 సమూహాల నుంచి 2,504 మంది ఉంటే అందులో వందకు పైగా తెలుగువాళ్ళే. అయితే ఆ నమూనాలు గుంటూరులోనో వరంగల్‌లోనో తీసినవి కావు, బ్రిటన్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్ళవి. ఆ వందమందిని చూసి తెలుగువాళ్ళంతా ఇంతే అనడం కుదరదు.

ఇప్పటివాళ్ళను ఇప్పటివాళ్ళతోనే పోల్చి పాతకాలాన్ని ఊహించుకోవాల్సి రావడమే అసలు చిక్కు. పాత ఎముకల నుంచి నేరుగా డీఎన్ఏ తీయడం మొదలయ్యాక ఆ చిక్కు చాలావరకు విడిపోయింది. స్వాంటె పాబో అనే శాస్త్రవేత్త బృందం 2010లో, ఎప్పుడో అంతరించిపోయిన నియాండర్తాల్ అనే మానవ జాతి జన్యుపటాన్ని ప్రకటించింది. ఆయనకు 2022లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆఫ్రికా దాటి వచ్చిన మనుషుల సంతతి అందరిలో ఒకటి నుంచి రెండు శాతం దాకా నియాండర్తాల్ డీఎన్ఏ ఉంది. మీలో ఉంది, నాలో ఉంది. కోవిడ్ ముదిరే అవకాశాన్ని పెంచే ఒక ముక్క మూడో క్రోమోజోమ్ మీద ఉందని, అది నియాండర్తాల్ నుంచే వచ్చిందని 2020లో తేలింది. దక్షిణాసియాలో దాదాపు సగం మందిలో అది ఉంది, యూరప్‌లో అంతకన్నా చాలా తక్కువ. ఎప్పుడో 50 వేల ఏళ్ళ కిందటి కలయిక మొన్న ఐసీయూల దాకా వచ్చిందని చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది.

మరి మనవైపు పాత ఎముకలు దొరకవా? దొరుకుతాయి. డీఎన్ఏ మిగలదు. మా ల్యాబ్‌కు మే నెలలో వచ్చే నమూనాలు కొరియర్ ఆలస్యమై ఎండలో ఉండిపోతే, తాజా రక్తంలోని డీఎన్ఏ కూడా పాడైపోయి మళ్ళీ తెప్పించుకోవాల్సి వచ్చేది. మన మట్టిలో, వేడిలో, వానలో మూడు నాలుగు వేల ఏళ్ళు పడున్న ఎముక సంగతి వేరే చెప్పాలా! డెనిసోవా గుహ సైబీరియా చలిలో ఉంది కాబట్టే అక్కడ ఒక చిన్న వేలి ఎముకతో ఒక కొత్త మానవ జాతే బయటపడింది. ఎంత బాగా దాచుకున్న ఎముకలోనైనా డీఎన్ఏ నిండుగా ఉండదు. చెదలు తిని, తడిసి, చింపిరైపోయిన చిట్టా పుస్తకంలా ముక్కలుగా ఉంటుంది. డీఎన్ఏను ఏ, సీ, జీ, టీ అనే నాలుగు అక్షరాలతో రాస్తారు, ఒక్కో ముక్కలో అలాంటి అక్షరాలు యాభై అరవై ఉంటే గొప్ప. పుర్రెలో లోపలి చెవి చుట్టూ ఉండే గట్టి ఎముకలో అది అన్నిటికన్నా బాగా నిలుస్తుంది. అందుకే పరిశోధకులు ముందు దానికోసమే చూస్తారు. పైగా తవ్వినవాళ్ళ చెమట, తుంపర్లు అంటుకుంటే వాళ్ళ డీఎన్ఏ కలిసిపోతుంది. పాత ముక్కల చివర్లలో సీ అనే అక్షరం టీగా మారిపోయి కనిపించడం ఒక గుర్తు. ఆ గుర్తును బట్టి ఇది పాతదే, మన చేతి నుంచి అంటింది కాదు అని పోల్చుకుంటారు. ఈ జాగ్రత్తలు ఎంత కష్టమో డీఎన్ఏ తీసే బల్ల దగ్గర నిలబడ్డవాళ్ళకు తెలుస్తుంది. నాకు వాళ్ళ మీద చాలా గౌరవం.

మన చెన్నైకి అరవై కిలోమీటర్ల దూరంలో అత్తిరంపాక్కం ఉంది. రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1863లో పల్లావరంలో రాతి పనిముట్టు గుర్తించిన ఏడాదే అక్కడా చూశాడు. శాంతి పప్పు బృందం తవ్వకాల్లో అక్కడి పనిముట్లు 15 లక్షల ఏళ్ళ నాటివని 2011లో తేలింది. అవి మన హోమో సేపియన్స్ జాతి పుట్టకముందటివి. అందువల్ల "15 లక్షల ఏళ్ళుగా మేం ఇక్కడే ఉన్నాం" అని ఎవరైనా వాట్సాప్‌లో పంపితే నమ్మకండి. అక్కడ దొరికినవి రాళ్ళు. రాళ్ళలో డీఎన్ఏ ఉండదు.

ఇప్పుడు మన దేశం సంగతి. హరియాణాలోని రాఖీగఢీలో హరప్పా నాగరికత నాటి సమాధుల నుంచి 61 నమూనాలు పరీక్షిస్తే, ఒకే ఒక్క స్త్రీ ఎముక నుంచి పనికొచ్చేంత డీఎన్ఏ వచ్చింది. వసంత్ షిండే, నీరజ్ రాయ్ తదితరులు 2019 సెప్టెంబర్‌లో దాన్ని ప్రచురించారు. అదే సమయంలో వాగీశ్ నరసింహన్, డేవిడ్ రైక్, మన హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థకు చెందిన కుమారసామి తంగరాజ్ వంటివాళ్ళు 523 మంది ప్రాచీనుల డీఎన్ఏతో ఇంకో పెద్ద పరిశోధన ప్రచురించారు. తుర్క్‌మెనిస్తాన్‌లోని గోనూర్‌లో, ఇరాన్‌లోని షహ్రె సుఖ్తేలో దొరికిన 11 మంది అస్థిపంజరాలు అక్కడి మిగతావాళ్ళలా కాకుండా రాఖీగఢీ స్త్రీని పోలి ఉన్నాయి. సింధు లోయ నుంచి వెళ్ళి అక్కడ ఉండిపోయిన మనుషులన్నమాట.

ఈ పరిశోధనలన్నీ కలిపి చూస్తే మనలో మూడు పాయలు కనిపిస్తున్నాయి. మొదటిది ఈ ఉపఖండంలో ఎంతో కాలంగా ఉన్న వేటగాళ్ళది, అండమాన్ వాసులకు దూరపు చుట్టాలు. రెండోది ఇరాన్ వైపు ప్రాచీనులకు దగ్గరివాళ్ళది. ఇరాన్‌లో వ్యవసాయం మొదలు కాకముందే వీళ్ళ పాయ విడిపోయింది. ఈ రెండూ కలిసిన మనిషే రాఖీగఢీ స్త్రీ. మూడోది మధ్య ఆసియా గడ్డి మైదానాల నుంచి, అంటే స్టెప్పీల నుంచి, క్రీ.పూ. 2000, 1500 మధ్య వచ్చిన పశుపాలకులది. రాఖీగఢీ స్త్రీలో ఈ మూడోది లేదు. ఈరోజు ఉత్తరాదిలో అది ఎక్కువ, దక్షిణాదికి వచ్చేకొద్దీ తక్కువ, దక్షిణాది గిరిజన సమూహాలు కొన్నిటిలో దాదాపు లేనే లేదు. తెలుగువాళ్ళలో మూడూ ఉన్నాయి, పాళ్ళు మాత్రం ఒక్కో సమూహానికి ఒక్కో తీరు.

ఎవరు ముందు, ఎవరు వెనక అని కొట్టుకునేవాళ్ళకు ఇందులో ఆయుధం దొరకదు. తంగరాజ్, రైక్ వాళ్ళ బృందమే 2013లో చూపించిన సంగతి ఒకటుంది. ఈ పాయల మధ్య కలయిక సుమారు 4,200 ఏళ్ళ కిందటి నుంచి 1,900 ఏళ్ళ కిందటి దాకా జోరుగా సాగింది, ఆ తర్వాత దాదాపు ఆగిపోయింది. ముందు అందరూ కలిశారు, కులాల తలుపులు తర్వాత మూసుకున్నాయి. నేను ఇన్నేళ్ళలో చదివినవాటిలో మనసులో బలంగా నాటుకున్నది ఇదే. ఇంకో మాట, డీఎన్ఏలో భాష ఉండదు. రాఖీగఢీ స్త్రీ ఏ భాష మాట్లాడేదో ఆవిడ ఎముక చెప్పదు. తెలుగని, తమిళమని, సంస్కృతమని ఎవరు తేల్చి చెప్పినా ఆ ఎముకను చూపించి మాత్రం చెప్పలేరు.

తలుపులు మూసుకున్నాక ఏం జరిగిందన్నదే మన ఇళ్ళకు పనికొచ్చే భాగం.

మా అమ్మకు తుంటి ఆపరేషన్ చేయాల్సి వచ్చినప్పుడు మత్తు డాక్టరమ్మ వచ్చి బీపీ, షుగర్ అన్నీ అడిగి, చివర్లో "మీరు తెలుగు చెట్టియారా?" అని, అంటే వైశ్యులా అని, తమిళంలో అడిగింది. మా అన్నయ్యకు కోపం వచ్చింది, ఆపరేషన్‌కు కులమెందుకని. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. ఆపరేషన్‌కు ముందు గొంతులో గొట్టం వేయడానికి కండరాలు సడలించే సక్సినైల్ కోలిన్ అనే మందు వాడతారు. మామూలుగా అది కొద్ది నిమిషాల్లో దిగిపోతుంది, రక్తంలో ఉండే బ్యుటిరిల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ దాన్ని విరగ్గొడుతుంది కాబట్టి. ఆ ఎంజైమ్ సరిగ్గా లేనివాళ్ళలో ఆ మందు గంటల తరబడి ఉండిపోతుంది, మనిషి తనంతట తాను ఊపిరి తీసుకోలేదు, అంతసేపూ వెంటిలేటర్ మీద ఉంచాలి. వైశ్యుల్లో ఈ లోపం మామూలు జనంలో కంటే చాలా ఎక్కువ. అమ్మకు రక్తపరీక్ష చేయిస్తే ఎంజైమ్ నిజంగానే బాగా తక్కువగా ఉంది. మందు మార్చారు, ఏ ఇబ్బందీ లేకుండా ఇంటికి వచ్చింది. ముందుగా అడగకపోయి ఉంటే అని తలుచుకుంటే నాకిప్పటికీ టెన్షన్ వస్తుంది.

దీని వెనక ఉన్నది కూడా వలసల చరిత్రే. 2009లో ప్రచురించిన పరిశోధనలో ఆంధ్ర వైశ్యుల నమూనాలు ఉన్నాయి. రెండు వేల నుంచి మూడు వేల ఏళ్ళ కిందట కొద్దిమంది నుంచే ఈ సమూహం మొదలైందని, అప్పటి నుంచి బయటివాళ్ళతో కలయిక దాదాపు లేదని అందులో కనిపించింది. చుట్టూ అదే తెలుగు మాట్లాడే ఇతర కులాల మధ్యే ఉంటూ, వాళ్ళతోనే రోజూ వ్యాపారం చేస్తూ, అన్ని తరాలు పెళ్ళి సంబంధాలు మాత్రం లోపలే ఉంచుకున్నారు. ఆ మొదటి కొద్దిమందిలో ఒకరికి ఒక లోపం ఉంటే అది ఈరోజు లక్షలమందిలో ఉంటుంది. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ అదే జన్యువు పాడైన రూపంలో వస్తే బిడ్డలో లోపం బయటపడుతుంది. వైశ్యులే కాదు, 2017లో పరిశీలించిన 263 దక్షిణాసియా సమూహాల్లో 81 ఇలాంటివే. జన్యువ్యాధుల పరిశోధనలో ఎప్పుడూ చెప్పుకునే అష్కనాజీ యూదుల కంటే, ఫిన్లాండ్ వాళ్ళ కంటే ఈ 81 సమూహాల్లో, కొద్దిమంది నుంచే మొదలైన ఆ ప్రభావం ఎక్కువ. మీ కులమేదో మీరు రాయలేదు, నేను అడగను కూడా. ఏదైనా మీ డాక్టర్‌తో మాట్లాడేటప్పుడు ఈ సంగతి దాచకండి.

మేనరికాల విషయమూ చెప్పాలి. పది తరాలు వెనక్కి వెళ్తే లెక్క ప్రకారం ఒక్కొక్కరికి 1,024 మంది పూర్వీకులు. మేనరికాలు చేసుకున్న ఇళ్ళల్లో ఒకే మనిషి ఆ లెక్కలో నాలుగైదు చోట్ల వస్తాడు, కాబట్టి అసలు మనుషులు ఇంకా తక్కువ. పైగా ఆ 1,024 స్థానాల్లో చాలావాటి నుంచి మనకు ఒక్క డీఎన్ఏ ముక్క కూడా వచ్చి ఉండకపోవచ్చు. మేనబావ మరదళ్ళ పెళ్ళిలో పుట్టిన బిడ్డకు పదహారో వంతు జన్యువులు రెండు వైపుల నుంచీ ఒకే పూర్వీకుడి ప్రతులుగా వచ్చే అవకాశం ఉంది, మేనమామ మేనకోడళ్ళ బిడ్డకు ఎనిమిదో వంతు. మా అమ్మా నాన్నా మేనరికమే. మా తరంలో అలాంటి సంబంధం వచ్చినప్పుడు ముందు జెనెటిక్ కౌన్సెలింగ్‌కు తీసుకెళ్ళాను. పెద్దవాళ్ళు మొదట నొచ్చుకున్నారు, తర్వాత విన్నారు.

మీ నాన్నగారి వంశం కథకు ఇంకో అడ్డంకి. వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది, ఇంటిపేరూ గోత్రమూ కూడా అలాగే వస్తాయి కాబట్టి రెండూ ఒకటే అనుకుంటాం. మా ముత్తాతకు మగపిల్లలు లేకపోతే కూతురి కొడుకునే దత్తత తీసుకున్నాడు. ఆ రోజు నుంచి దుకాణమూ గోత్రమూ ఒక దారిన వచ్చాయి, వై క్రోమోజోమ్ ఇంకో దారిన వచ్చింది. అవ్వ చెప్పిన పెనుగొండ ఇందులో ఏ దారిలోది? డీఎన్ఏ చెప్పదు. మా అవ్వ మాట నాకు ఇప్పటికీ నిజమే, కాకపోతే అది మా ఇంటి జ్ఞాపకం, ల్యాబ్‌లో తూచేది కాదు.

మీకు కావలసిన ఐదు వందల ఏళ్ళ కథకు కాగితాలే దిక్కు. 1639లో దామెర్ల నాయకులు ఈస్ట్ ఇండియా కంపెనీకి ఇక్కడ స్థలం ఇచ్చిన నాటి నుంచి ఈ ఊళ్ళో తెలుగు వ్యాపారుల, కంపెనీకి మాటలు అనువదించిన దుబాసీల పేర్లు కంపెనీ రికార్డుల్లో ఉన్నాయి. అవి ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో చూడొచ్చు. ఇంట్లో పాత దస్తావేజులు, దుకాణం చిట్టాలు, గుళ్ళో దాతల పేర్లు చెక్కిన రాళ్ళు, కాశీలోనో గయలోనో పండాలు రాసి పెట్టుకున్న వంశావళులు, వీటిలో ఒక్కటి దొరికినా ఉమ్మి టెస్టు కన్నా ఎక్కువ చెప్తుంది. మీ కులదైవం ఏ ఊళ్ళో ఉందో, ఎవరింటి ఆడపడుచులు ఎక్కడికి వెళ్ళారో కూడా రాసుకోండి.

అయినా టెస్టు చేయించాలనుకుంటే మీరు కాదు, మీ నాన్నగారితో చేయించండి. ఆయన దగ్గరున్న దాంట్లో సగమే మీకు వచ్చింది, మిగతా సగం ఆయన నమూనాలోనే ఉంది. మీరు మగవారైతే వై క్రోమోజోమ్ ఇద్దరిదీ ఒకటే, ఆయనది చూస్తే మీది చూసినట్టే. ఆయన తల్లి వైపు మైటోకాండ్రియా డీఎన్ఏ మాత్రం మీకు అసలు రాలేదు, అది తల్లి నుంచే పిల్లలకు వస్తుంది కాబట్టి ఆయనతోనో ఆయన అక్కచెల్లెళ్ళతోనో చేయిస్తేనే తెలుస్తుంది. కిట్ కొనే ముందు ఆ సమాచారాన్ని కంపెనీ ఎవరితో పంచుకుంటుందో ఒప్పంద పత్రంలో చదవండి, నాన్నగారికి కూడా చదివి వినిపించి ఆయన సరేనంటేనే పంపండి. చాలా కంపెనీలు రిపోర్టుతో పాటు ముడి డేటా ఫైల్ ఇస్తాయి, దాన్ని డౌన్‌లోడ్ చేసి మీ దగ్గర ఉంచుకోండి. కంపెనీ శాతాలు మార్చినా ఆ ఫైల్ మారదు. ఆరోగ్యం గురించైతే ఈ కిట్ల మీద ఆధారపడకండి, ఏ పెద్దాసుపత్రిలోనైనా జెనెటిక్ కౌన్సెలర్‌ను కలవండి. ఆపరేషన్ ఉంటే మత్తు డాక్టర్‌కు మీ ఇంట్లో ఎవరికైనా మత్తు ఆలస్యంగా దిగిన సంగతి ఉంటే, అది ఎప్పటిదైనా సరే, ముందే చెప్పండి.